గుంటుపల్లి గుహలో ఉన్నది శివలింగమా, బౌద్ధ స్తూపమా?

ప్రశ్న: మేము ఏలూరులో ఉంటాము. కామవరపుకోట దగ్గరి గుంటుపల్లి కొండను చూడాలని నాకు ఎంతో కాలంగా కోరిక. 72 ఏళ్ల మా మామయ్యగారు కూడా వస్తామంటున్నారు. చిన్నతనంలో శివరాత్రికి వెళ్లి అక్కడి గుహలో ధర్మలింగేశ్వరస్వామిని దర్శించుకున్నారట. అది బౌద్ధుల ఆరామమని నేను చదివాను. ఇంతకీ లోపల ఉన్నది ఏమిటి? ఆయన కొండ ఎక్కగలరా?
– ఒక పాఠకురాలు

జవాబు: మీరు చదివినదీ నిజమే, మామయ్యగారు చెప్పినదీ నిజమే. ఆ గుహ క్రీస్తుపూర్వం 2వ శతాబ్ది ప్రాంతంలో బౌద్ధ భిక్షువుల కోసం కొండను తొలిచి మలిచిన చైత్యగృహం, అంటే స్తూపాన్ని నడుమ ఉంచుకున్న ప్రార్థనా మందిరం. నడుమనున్న గుండ్రని స్తూపాన్ని ఎక్కడినుంచో తెచ్చి నిలపలేదు. చుట్టూ ఉన్న రాతిని తొలగించుకుంటూ పోయి, ఆ కొండరాతిలోనే దానిని మలిచారు. భిక్షువులు లేని కాలంలో చుట్టుపక్కల ఊళ్లవారికి ఆ రూపంలో లింగం కనిపించింది, పూజలు మొదలయ్యాయి. నా దృష్టిలో ఇది పొరపాటు కాదు, ఆ స్థలం చరిత్రలో ఒక భాగమే.

గుహలో అడుగుపెట్టగానే స్తూపాన్ని చూసి వెనుదిరగకండి. కళ్లు చీకటికి అలవాటు పడేదాకా ఆగి, తల ఎత్తి పైకప్పును చూడండి. మన కోస్తా పల్లెల్లోని చుట్టింట్లో కూర్చుని పైకి చూస్తే వాసాలన్నీ నడినెత్తిన ఎలా కలుసుకుంటాయో, ఇక్కడా అలాగే కలుసుకుంటాయి, కాకపోతే ఇక్కడి వాసాలు రాతివి. బరువు మోయవలసిన అవసరం లేని ఆ వాసాలను శిల్పులు అంత శ్రద్ధగా చెక్కారంటే, అప్పటికే ఈ నేలమీద కర్రతో కట్టిన గుండ్రని మందిరాలు వారికి బాగా పరిచయమై ఉండాలి. ఆ కర్ర కట్టడాలు ఏనాడో మట్టిలో కలిసిపోయాయి కనుక, వాటి రూపురేఖలు తెలుసుకోవడానికి మనకు మిగిలిన అరుదైన ఆధారాల్లో ఈ కప్పు ఒకటి. ద్వారం మీది గుర్రపులాడం ఆకారపు తోరణం బీహారులోని బరాబర్ కొండల లోమశ ఋషి గుహను గుర్తుకు తెస్తుంది.

దీనిని కొందరు ‘ఆంధ్రా అజంతా’ అంటారు. ఆ పేరు విని వర్ణచిత్రాలను ఆశించి వెళితే నిరాశ తప్పదు. ఇక్కడ చూడవలసినవి భిక్షువులు నివసించిన గుహలు, ఇటుకలతో కట్టిన చైత్యం, వరుసలుగా మిగిలిన చిన్న చిన్న మొక్కుబడి స్తూపాల పీఠాలు. ఇక్కడ దొరికిన ఒక ప్రాకృత శాసనం, కళింగ, మహిషక దేశాలకు అధిపతి, మహామేఘవాహన వంశపు రాజు అయిన సిరిసదుని లేఖకుడు చూళగోముడు మండపాన్ని దానమిచ్చాడని చెబుతుంది. రాజు దగ్గర రాతపని చేసుకునే మనిషి ఇచ్చిన దానం అది. నాకు ఈ కొండమీద అన్నిటికన్నా ప్రియమైన విషయం కూడా అదే.

కొండకు మెట్లదారి ఉంది. మామయ్యగారు మోకాళ్లను బట్టి ఆగి ఆగి ఎక్కవచ్చు. ఎండ ముదరకముందే బయలుదేరి తాగునీరు వెంట తీసుకువెళ్లండి. ఏలూరు నుంచి జీలకర్రగూడెం మీదుగా సుమారు 40 కిలోమీటర్లు. ప్రశాంతంగా చూడాలంటే శివరాత్రి నాడు మాత్రం వద్దు. మామయ్యగారు ఆ స్తూపానికి నిండు మనసుతో నమస్కరించుకోవచ్చు. అయితే అది ఇసుకరాయి, నూనెను, కుంకుమను పీల్చుకుంటుంది. అందుచేత చేతులు జోడించడంతోనే సరిపెట్టుకోమని ఆయనకు ముందుగానే చెప్పండి.