చిన్న జత సంగతి ఫ్లాప్ దగ్గరే తేల్చేయ్

అబ్బాయ్,

లిమిట్ హోల్డెమ్ పోకర్‌లో చేతికి అయిదుల జత వచ్చిందని నువ్వు రాసిన ఆ ఆట రెండుసార్లు చదివాను. అయిదుగురు తలా ఒక చిన్న బెట్ (టర్న్ నుంచి ఇది రెట్టింపై పెద్ద బెట్ అవుతుంది) వేసి ఫ్లాప్, అంటే అందరికీ ఉమ్మడిగా తెరిచే మొదటి మూడు ముక్కలు, చూశారు, పడ్డవి రాజు, జాకీ, ఎనిమిది, వాటిలో రెండు ఇస్పేట్లు. ఒకడు బెట్ వేశాడు, ఇంకొకడు కాల్ చేశాడు, అంటే అంతే కలిపాడు, "ఒక్క బెట్టే కదా" అనుకుని నువ్వూ కాల్ చేశావు, అలాగే రివర్, అంటే చివరి అయిదో ఉమ్మడి ముక్క, దాకా వెళ్ళిపోయావు. ఆ "ఒక్క బెట్టే కదా" అన్న మాట గురించే ఈ ఉత్తరం రాస్తున్నాను, ఎందుకంటే బెట్ ఎంతో ముందే ఖాయమై ఉండే లిమిట్ ఆటలో చిన్న జతలు పట్టుకున్నవాళ్ళ డబ్బు ఒక్కసారిగా పోదు, ఇలా ఒక్కో బెట్టుగా కారిపోతుంది. నేనూ మొదట్లో చాలాకాలం ఇలాగే పోగొట్టుకున్నాను.

లెక్క చూడు. జతతో ఫ్లాప్ చూస్తే సెట్, అంటే ఆ జతకి మూడో ముక్క, పడేది దాదాపు 12 శాతం, అంటే ఎనిమిదిన్నర సార్లకి ఒకసారి. పడకపోతే నీకు పనికొచ్చేవి ఇంకా కనపడని 47 ముక్కల్లో రెండే. టర్న్‌లో, అంటే నాలుగో ఉమ్మడి ముక్కగా, అది ఒకసారి వస్తే ఇరవై రెండున్నర సార్లు రాదు. నీ ఆటలో పాట్‌లో, అంటే మధ్యలో చేరిన డబ్బులో, ఉన్నవి ఏడు చిన్న బెట్లు. మిగతా పదిహేనున్నర ఎక్కడినుంచి తెస్తావు? టర్న్, రివర్ కలిపి వాళ్ళ దగ్గర్నుంచి దాదాపు ఎనిమిది పెద్ద బెట్లు రాబట్టాలి, ఇద్దరే ఉంటే అది జరగడం చాలా కష్టం. పైగా నీ చేతిలో ఉన్నవి ఆఠీను, డైమండ్ అయిదులు కాబట్టి మిగిలినవి ఇస్పేటు, కళావరు. ఆ ఇస్పేటు అయిదు వచ్చిందంటే నీకు సెట్, వాళ్ళలో ఒకడికి ఫ్లష్ (ఒకే రంగువి అయిదు, ఇక్కడ ఇస్పేట్లు) అయ్యే ప్రమాదం ఉంది. నికరంగా చూస్తే నువ్వు ఒకటిన్నర ముక్క కోసం డబ్బు పెట్టావు.

మరి కాల్ చేయాల్సిన సందర్భమే లేదా అంటే, ఉంది. ఫ్లాప్‌కి ముందే ఏడుగురు మూడేసి బెట్లు వేసి పాట్ ఇరవై దాటిపోయి, ఫ్లాప్‌లో మూడు ముక్కలూ మూడు రంగులై, నీ తర్వాత రైజ్ చేసేవాడు, అంటే బెట్ పెంచేవాడు, ఎవడూ లేకపోతే ఒక్క చిన్న బెట్ వేసి టర్న్ చూడు, అక్కడ రాకపోతే వదిలేయ్. ఆరులతో ఉండి ఫ్లాప్‌లో అయిదు, ఏడు, ఎనిమిది పడితే అది వేరే సంగతి. అయిదు ముక్కల వరస కుదిర్చే నాలుగులు, తొమ్మిదులు, సెట్ చేసే మిగిలిన ఆరులు కలిపి పది ముక్కలు నీవి, ధైర్యంగా ఆడు. కాకపోతే తొమ్మిది పడినప్పుడు పది, ఆరు ఉన్నవాడు, జాకీ, పది ఉన్నవాడు నీ పైన ఉంటారని గుర్తుపెట్టుకో.

ఎదురుగా ఒక్కడే ఉంటే మాత్రం ఇదంతా తిరగబడుతుంది, నువ్వు భయపడి వదిలేస్తున్నది సరిగ్గా ఇక్కడే. నువ్వు రైజ్ చేశావు, ముక్కలు చూడకముందే తప్పనిసరి బెట్ పెట్టే పెద్ద బ్లైండ్ వాడొక్కడే కాల్ చేశాడనుకో, చిన్న బ్లైండ్ వాడు వదిలేసిన సగంతో కలిపి పాట్‌లో నాలుగున్నర చిన్న బెట్లు. ఫ్లాప్ రాణి, ఏడు, రెండు, వాడు చెక్ చేశాడు, అంటే బెట్ వేయలేదు. రాణిని చూసి బెదరకు. అయిదుల జతతో 98 శాతం ఫ్లాపుల్లో నీకంటే పెద్ద ముక్క ఒకటైనా ఉంటుంది, దానికే వదిలేస్తే ఆ జత ఎప్పుడూ ఆడలేవు. జత కాని రెండు ముక్కలున్నవాడికి మూడింట రెండుసార్లు ఫ్లాప్‌లో ఏమీ తగలదు. బెట్ వెయ్. ఆసు, జాకీ పట్టుకుని కూర్చున్నవాడికి నిన్ను దాటడానికి ఆరు ముక్కలున్నాయి, రివర్ దాకా ఊరికే చూడనిస్తే నాలుగింట ఒకసారి దాటేస్తాడు కాబట్టి వాడు ముక్కలు వదిలేసి ఫోల్డ్ చేసినా నీకు లాభమే.

అదే పాట్‌లో వాడే బెట్ వేస్తూ వస్తే? చివరిదాకా కాల్ చేయడానికి నీకు పడేది రెండున్నర పెద్ద బెట్లు, గెలిస్తే వచ్చేది నాలుగు ముప్పావు. అంటే మూడింట ఒకసారి కంటే కొంచెం ఎక్కువ గెలిస్తే సరిపోతుంది. ఏమీ లేకుండా బెట్లు వేసే అలవాటున్నవాడైతే చివరిదాకా వెళ్ళు, చేతిలో ఉంటేనే వేసేవాడైతే ఫ్లాప్‌లోనే వదిలేయ్. టర్న్‌లో కాల్ చేసి, రివర్‌లో ఏమీ మారకుండానే టెన్షన్‌తో ఫోల్డ్ చేయడం మాత్రం వద్దు. అప్పటికి పాట్‌లో ఆరు పెద్ద బెట్లకి పైనే ఉంటాయి, ఏడింట ఒకసారి గెలిచినా నష్టం రాదు.

ఒక్క ముక్క వచ్చి చిన్న జతని చంపేయడం నువ్వింకా చూసి ఉండవు. నాలుగులతో నేను, ఎదురుగా ఒకడు. ఫ్లాప్ రాణి, తొమ్మిది, తొమ్మిది, టర్న్ మూడు, అప్పటిదాకా నాదే గెలుపు. రివర్‌లో ఇంకో రాణి. ఇప్పుడు రాణుల జత, తొమ్మిదుల జత అందరివీ, లెక్కకొచ్చేవి అయిదు ముక్కలే కాబట్టి నా దగ్గర మిగిలింది అయిదో ముక్కగా ఒక నాలుగు మాత్రమే. వాడు ఆసు, ఏడు చూపించి పాట్ తీసుకున్నాడు. ఫ్లాప్‌లోనే జత పడితే ఎదుటివాడికి తగిలే అవకాశం తక్కువ కాబట్టి మనకి మంచిదే, కానీ రెండో జత పడగానే నీ చిన్న జత ఆటలో లేనట్టే.

ఇక సెట్ పడితే దాచుకుని కూర్చోకు. లిమిట్‌లో చివర్లో ఒక్క దెబ్బకి అంతా లాగలేవు, ప్రతి రౌండ్‌లోనూ వేయించుకోవాలి. ఫ్లాప్‌లో రెండు ఒకే రంగువో, వరస ముక్కలో ఉంటే అప్పుడే రైజ్ చెయ్. ఫ్లాప్ పొడిగా, అంటే అలాంటివేవీ లేకుండా, ఉండి, బెట్ వేసినవాడు నీకు సరిగ్గా ముందుంటే, అక్కడ కాల్ చేసి బెట్ రెట్టింపయ్యే టర్న్‌లో రైజ్ చేయొచ్చు. టర్న్‌లో మూడో ఇస్పేటు పడిందని సెట్‌ని పారేయకు, రివర్‌లో అది అయిదింట ఒకసారి కంటే కొంచెం ఎక్కువే ఫుల్ హౌసో (మూడు ఒక రకం, రెండు ఇంకో రకం) అంతకంటే పెద్దదో అవుతుంది. పెద్ద సెట్ చేతిలో ఓడిపోతానేమోనని కూడా ఆగకు, ఇక్కడ రైజులకి హద్దుంది, పోయినా కొన్ని బెట్లే.

ఈసారి ఆట రాసి పంపేటప్పుడు నీ ముక్కలేవో చివర్లో రాయి. ముందు ఫ్లాప్‌కి పాట్‌లో ఎన్ని బెట్లున్నాయో, నీ తర్వాత ఇంకా ఎంతమంది మిగిలారో రాయి, చూస్తాను.

నీ బాబాయ్