పండగ కన్నా ముందు మీటింగు

తమ్ముడూ,

దేశ్ పరదేశ్ మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. మంచి విషయం పట్టావు. టొరంటోలో దక్షిణాసియా వాళ్ళు ఏళ్ళ తరబడి నడిపిన ఆ కళల పండగ గురించి తెలుగులో ఏదీ నా కంటపడలేదు. కానీ మొదటి పేజీ నిండా రంగుల జెండాలు, డాన్సులు, చప్పట్లు. టొరంటో తీసేసి లండన్ అని పెట్టి చదివి చూడు, ఏమీ తేడా రాదు.

అసలు కథ మీటింగుల్లో ఉంది. 1987లో అక్కడి దక్షిణాసియా గే మగవాళ్ళు కొందరు ఖుష్ అనే సంఘం పెట్టుకున్నారు. గే బార్‌కి వెళ్తే ఒంటి రంగు అడ్డం, మనవాళ్ళ సంఘాలకి వెళ్తే అసలు సంగతి దాచుకోవాలి. మరుసటి ఏడాది చర్చ్ స్ట్రీట్‌లోని 519 కమ్యూనిటీ సెంటర్‌లో 'సలాం టొరంటో' అనే కళల పండగ పెట్టారు. అదే పెరిగి దేశ్ పరదేశ్ అయింది. సినిమా, నాటకం, కవిత్వంతో పాటు స్త్రీవాదం, జాతివివక్ష మీద గట్టి వాదనలు కూడా ఆ వేదిక మీదే జరిగాయి.

అవి ఎయిడ్స్ రోజులు. దక్షిణాసియా వాళ్ళకి ఆ జబ్బు గురించి చెప్పడానికి, రోగులకి తోడుగా ఉండడానికి 1989లో అసాప్ అనే సంస్థ మొదలైంది. నీ వ్యాసంలో ఎయిడ్స్ ఊసే లేదు. అది లేకపోతే ఆ తరం కోపం, తొందర చదివేవాళ్ళకి ఎలా అందుతాయి? న్యూయార్క్‌లో సాల్గా అనే దక్షిణాసియా గే, లెస్బియన్ల సంఘం వాళ్ళు ఇండియా డే పరేడ్‌లో నడవనివ్వమని ఏళ్ళ తరబడి పోరాడడం కూడా ఆ కాలం సంగతే. దానికి ఒక్క వాక్యం చాలు, దారి తప్పకు.

తానా, ఆటా సభలు చూసిన తెలుగువాళ్ళకి హాలు బుకింగులు, స్పాన్సర్లకి ఫోన్లు, వాలంటీర్ల అలకలు కొత్తేమీ కావు. (అలకలు మరీ కొత్త కావు.) అక్కణ్ణుంచి మొదలుపెట్టు. దేశ్ పరదేశ్‌లో కుర్చీలు ఎవరు వేశారు, గ్రాంటు అర్జీ ఎవరు రాశారు, రాత్రి హాలు ఎవరు ఊడ్చారు? అప్పటివాళ్ళని వెతికి అడుగు.

ఇక పేర్లు. ఇక్కడ మాత్రం నేను మొండిదాన్ని. స్టేజీ ఎక్కినవాడు నలుగురికీ కనబడడానికి ఒప్పుకునే ఎక్కాడు. ప్రేక్షకుల్లో కూర్చున్నవాడు ఒప్పుకోలేదు. పాత ఫొటోలో మొహం గుర్తుపట్టావని కింద పేరు రాసెయ్యకు. నీ వ్యాసాన్ని ఎవరో గుంటూరులో ఉన్న వాళ్ళమ్మకి వాట్సాప్‌లో పంపితే ఏమవుతుందో ఆలోచించు. పేరు మార్చి ఊరు, ఉద్యోగం అలాగే ఉంచినా లాభం లేదు, మనవాళ్ళు అరగంటలో ఆరా తీసేస్తారు. ముందు మనిషిని అడుగు. వద్దంటే, ఎంత బాగా వచ్చిన పేరా అయినా సరే, కొట్టెయ్. ముప్పై ఏళ్ళ కిందట సరే అన్నా ఇప్పుడు మళ్ళీ అడగాలి. ఈమధ్యలో పెళ్ళిళ్ళయి ఉంటాయి, పిల్లలు పుట్టి ఉంటారు.

'దాని స్ఫూర్తి చిరస్థాయిగా నిలిచింది' అన్న నీ చివరి పేరా తీసెయ్. డబ్బు ఇబ్బందులతో పండగ 2001లో ఆగిపోయింది. చేసినవాళ్ళు ఎలా అలిసిపోయారో, చివరి లెక్కలు ఎవరి నెత్తిన పడ్డాయో వాళ్ళనే అడిగి రాయి. అది చెప్పడానికి సిగ్గుపడకు.

ఫొటోల సంగతి తేల్చుకున్నాకే తర్వాతి డ్రాఫ్టు పంపు. తొందరేం లేదు, దసరాలోపు అందితే చాలు.

నీ అక్క