టెక్ సందేహాలు: పాస్‌వర్డ్ మర్చిపోయారా? పాత ఫోన్ ఎక్కడుందో చూడండి

"స్టీల్‌ప్లాంట్‌లో రిటైరయ్యాను. గాజువాకలో సొంతిల్లు, ప్రస్తుతం హైదరాబాద్‌లో అబ్బాయి దగ్గరున్నాను. కొత్త ఫోన్ కొంటే జీమెయిల్ పాస్‌వర్డ్ అడిగింది. గుర్తులేదు. ఓటీపీ పంపిస్తానంటున్న నంబరు ఎప్పుడో ఆగిపోయింది. వారం నుంచి కుస్తీ పడుతున్నా 'ఈ ఖాతా మీదేనని నిర్ధారించలేకపోయాం' అంటోంది. డిస్‌ప్లే పగిలిన పాత ఫోన్ గాజువాకలోనే వదిలేశాను. ఎల్‌ఐసీ, పెన్షన్ కాగితాలన్నీ ఆ మెయిల్‌లోనే ఉన్నాయి." – ఓ పాఠకుడు, గాజువాక

ముందు హైదరాబాద్‌లో ప్రయత్నాలు ఆపేయండి. వరసగా తప్పు సమాధానాలిస్తే గూగుల్ కొంతసేపు అసలు ప్రయత్నించనివ్వదు. పైగా మీరిప్పుడు చేస్తున్నది కొత్త ఫోన్లో, కొత్త వైఫై మీద, కొత్త ఊళ్లో. అవతల మీ గొంతు విని గుర్తుపట్టడానికి మనిషెవరూ లేరు. ఇన్నాళ్లూ ఏ ఫోన్ నుంచి, ఏ చోటు నుంచి లాగిన్ అయ్యారో చూసుకుని మీరా కాదా అని తేల్చేది యంత్రమే. దాని లెక్కలో మీరిప్పుడు ముక్కూమొహం తెలియని మనిషి. గాజువాక ఇంట్లో, పాత ఫోన్లో, పాత వైఫై మీద అడిగితే ఆ లెక్క మారే అవకాశం బాగా ఉంటుంది.

పాత ఫోన్ ఉందన్నారు కాబట్టి సగం టెన్షన్ తగ్గించుకోండి. అందులో జీమెయిల్ ఇంకా లాగిన్ అయ్యే ఉండొచ్చు. డిస్‌ప్లే మార్పించండి. కానీ షాపులో కుర్రాడు "ఫార్మాట్ కొట్టేస్తే ఫ్రీగా ఉంటుంది సార్" అంటే మాత్రం ఒప్పుకోవద్దు. ఫార్మాట్ కొడితే లాగిన్ పోతుంది. తర్వాత ఫోన్ ఆన్ చేయగానే పాత స్క్రీన్ లాక్‌నో, మీరు మర్చిపోయిన ఆ పాస్‌వర్డ్‌నో అడిగి కూర్చుంటుంది. ఫోన్ అక్కడ వదిలి రాకుండా, పని అయ్యేదాకా పక్కనే కుర్చీ వేసుకోండి.

ఫోన్ వెలిగాక సెట్టింగ్స్‌లో గూగుల్, అందులో మీ గూగుల్ అకౌంట్, సెక్యూరిటీ విభాగంలో పాస్‌వర్డ్. పాతది అడిగినప్పుడు 'ఫర్గాట్ పాస్‌వర్డ్' నొక్కండి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో ఓటీపీతో పనిలేకుండా, స్క్రీన్ లాక్ పిన్నో వేలిముద్రో అడిగి కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోనిస్తుంది. క్రోమ్ సెట్టింగ్స్‌లో పాస్‌వర్డ్ మేనేజర్ కూడా ఓసారి తెరవండి, ఎప్పుడో సేవ్ చేసి మర్చిపోయి ఉండొచ్చు.

ఒకవేళ లాగిన్ పోయి ఉంటే అదే ఫోన్లో గూగుల్ రికవరీ పేజీ (ఖాతా తిరిగి తెచ్చుకునే పేజీ) తెరవండి. గుర్తున్న చివరి పాస్‌వర్డ్ అడిగితే ఖాళీగా వదలొద్దు, పాత పాస్‌వర్డ్ ఏది గుర్తున్నా కొట్టండి. మిమ్మల్ని సంప్రదించడానికి వేరే మెయిల్ అడిగితే అబ్బాయిది ఇవ్వండి. జవాబు కొన్ని గంటల్లో రావచ్చు, కొన్ని రోజులూ పట్టొచ్చు. రాకపోతే స్పామ్ ఫోల్డర్ కూడా చూడమనండి.

ఖాతా చేతికి రాగానే మొదటి పని, రికవరీ నంబరు మార్చడం. వాడకం లేని సిమ్ కొన్నాళ్లకు రద్దయి, ఆ తర్వాత ఇంకెవరికో వెళ్తుంది. మీ ఓటీపీ ఎవరో తెలియని మనిషి ఫోన్లో మోగడం మంచిది కాదు కదా. అసలు ఖాతా తిరిగి తెచ్చుకునే పనే వాయిదా వేయకండి. రెండేళ్లపాటు వాడని వ్యక్తిగత ఖాతాలను తొలగించే విధానాన్ని గూగుల్ 2023 డిసెంబరు నుంచి అమలు చేస్తోంది.

"గూగుల్ కస్టమర్ కేర్ నంబరు నెట్‌లో దొరికింది. చేస్తే ఏదో యాప్ వేసుకోమంటున్నారు." – సీతమ్మధార

వేసుకోకండి. జీమెయిల్ పాస్‌వర్డ్ తిరిగి తెప్పించే ఫోన్ నంబరు గూగుల్‌కి లేదు. ఆ యాప్‌తో మీ స్క్రీన్ వాళ్లకు కనిపిస్తుంది, వచ్చే ఓటీపీలతో సహా. ఇప్పటికే వేసుకుని డబ్బు పోయి ఉంటే ఫోన్ నెట్ ఆపేసి, ఇంకో ఫోన్ నుంచి వెంటనే 1930కి చేయండి. బ్యాంకుకీ చెప్పండి.

"యూనివర్సిటీ దగ్గర జిరాక్స్ షాపులో ప్రింట్ కోసం మెయిల్ తెరిచి లాగౌట్ మర్చిపోయాను. ఎవరో వాడినట్టున్నారు. పాస్‌వర్డ్ మార్చేశాను. అయినా బ్యాంకు మెయిల్స్ ఇన్‌బాక్స్‌కి రావడం లేదమ్మా అంటే ఇంట్లో ఎవరూ నమ్మడం లేదు." – ఓ విద్యార్థిని, మద్దిలపాలెం

నేను నమ్ముతున్నాను. పాస్‌వర్డ్ మార్చారు సరే, లోపలికి వచ్చినవాళ్లు ఏం అమర్చి వెళ్లారో చూశారా? కంప్యూటర్‌లోనే జీమెయిల్ తెరవండి, ఫోన్ యాప్‌లో ఇవన్నీ కనిపించవు. సెట్టింగ్స్ గుర్తు నొక్కి 'సీ ఆల్ సెట్టింగ్స్'లోకి వెళ్తే 'ఫిల్టర్స్' అని ఒక ట్యాబ్ ఉంటుంది. అక్కడ మీరు పెట్టని ఫిల్టర్ ఏదైనా ఉందేమో వెతకండి. బ్యాంకు పేరుతో వచ్చే మెయిల్‌ని నేరుగా ట్రాష్‌కి పంపమని ఒక్క లైను రాసిపెడితే చాలు, మీకు ఇన్‌బాక్స్‌లో ఏమీ కనిపించదు. దాని పక్క ట్యాబ్‌లో ఫార్వర్డింగ్ చూడండి. తెలియని అడ్రస్ ఉంటే తీసేయండి, లేదంటే మీ మెయిల్స్ కాపీ రోజూ అక్కడికి వెళ్తూనే ఉంటుంది. ఎన్నిసార్లు పాస్‌వర్డ్ మార్చినా ఈ రెండూ వాటంతటవి పోవు.

ఇన్‌బాక్స్ పేజీ అడుగున కుడివైపు చిన్న అక్షరాల్లో 'డీటెయిల్స్' అని ఉంటుంది. ఎప్పుడు, ఎక్కడి నుంచి మీ మెయిల్ తెరుచుకుందో అక్కడ తెలుస్తుంది. గూగుల్ అకౌంట్‌లో 'యువర్ డివైసెస్'కి వెళ్లి షాపు కంప్యూటర్‌ని సైన్ అవుట్ చేయండి. రికవరీ ఫోన్, మెయిల్ మీవేనా అన్నది కూడా చూసుకోండి. వాటిని ఎవరైనా మార్చినా, మార్చిన 7 రోజుల వరకు పాత నంబరుకు కోడ్ తెప్పించుకునే వీలు గూగుల్ ఇస్తుంది. అందుకే ఆలస్యం వద్దు.

ఇకపై ప్రింట్ కావాలంటే ఆ ఫైలును మీ ఫోన్ నుంచే షాపు మెయిల్‌కి పంపండి. ఆ అడ్రస్ చాలా షాపుల్లో గోడకే అంటించి ఉంటుంది.

"మావారు మర్చంట్ నేవీ. ఓడ ఎక్కాక ఇక్కడి సిమ్ పనిచేయదు, ఓటీపీ రాక మెయిల్ తెరుచుకోదు. టూ స్టెప్ (పాస్‌వర్డ్ తర్వాత ఓటీపీ కూడా అడిగే ఏర్పాటు) తీసేయమంటారా?" – మల్కాపురం

తీసేయొద్దండి. ఓడ ఎక్కే ముందు సెక్యూరిటీ విభాగంలో 'బ్యాకప్ కోడ్స్' తీసుకోమనండి. 8 అంకెల కోడ్‌లు 10 వస్తాయి, ఒక్కోటి ఒక్కసారే పనిచేస్తుంది. కాగితం మీద రాసి సీడీసీతో (ఓడ ఉద్యోగుల గుర్తింపు పుస్తకంతో) పాటు పెట్టుకుంటే సరి. మళ్లీ కొత్త సెట్ తీసుకుంటే పాతవి చెల్లవు, పాత కాగితం చింపేయాలి. కోడ్‌ని ఫోన్లోనే తయారుచేసి చూపించే ఆథెంటికేటర్ యాప్ కూడా పెట్టుకోవచ్చు, దానికి సిమ్, నెట్ రెండూ అక్కర్లేదు. ఇక్కడి సిమ్‌కి రీఛార్జి మాత్రం మీరు చేయిస్తూ ఉండండి. 90 రోజులు వాడకం లేకపోతే ప్రీపెయిడ్ నంబరు ఆగిపోవచ్చు, బ్యాంకు ఓటీపీలు కూడా దానికే కదా వచ్చేది.