బస్సులో వేడినీళ్ల హీటింగ్: ముందు గాలి సంగతి చూసుకో

అల్లుడూ,

బస్సు ఫొటోలు చూశాను. సీట్లు తీసేశాక లోపల ఎంత చోటుందో! అక్టోబరులో పిల్లల్ని తీసుకుని లేహ్ పోతామని, డీజిల్‌తో నీళ్లు కాచి పైపుల్లో తిప్పే హీటింగ్ పెట్టిస్తున్నామని రాశావు. అనంతపురంలో హీటర్ ఏమిటని షెడ్డులో నవ్వారట, నవ్వనీ. సైన్యంలో బండ్లు బాగుచేసే పని మీద లద్దాఖ్‌లో రెండు చలికాలాలు గడిపాను. ఆ చలిలో రేకు గోడల మధ్య పిల్లలు పడుకోవాలంటే నువ్వు ఎంచుకున్న పద్ధతే మంచిది, ఎందుకంటే మంట బస్సు కిందే ఉండిపోతుంది, లోపలికి వచ్చేది వేడినీళ్లు మాత్రమే.

హీటర్‌కు ముందు గోడలకు, పైకప్పుకు ఫోమ్ పెట్టించు. డ్రైవర్ సీటు వెనక మందపాటి తెర కట్టు, ముందు అద్దంలోంచే వేడి ఎక్కువగా పోతుంది. పడుకునే భాగం వరకే వేడి చేసుకుంటే 5 కిలోవాట్ల హీటర్‌తో గడుస్తుంది. నీది పెద్ద బస్సు, కరెంటు లైను 24 వోల్టులు, ఆన్‌లైన్‌లో 12 వోల్టులవి కూడా అమ్ముతారు, చూసి ఆర్డర్ పెట్టు.

అసలు కష్టం పైపుల్లో చిక్కుకునే గాలితో వస్తుంది. మొదటి చలికాలంలో నేనే ఒక బండికి పైపులు వేసి, కూలెంట్ (నీళ్లలో గడ్డకట్టనివ్వని మందు కలిపి పైపుల్లో తిప్పే ద్రవం) పోసి, గాలి పూర్తిగా తీయకుండా తొందరపడి స్టార్ట్ చేశాను. పంపు తిరుగుతున్న శబ్దం వస్తోంది కానీ నీళ్లు కదలడం లేదు, హీటర్ లోపల మాత్రం ఉడికిపోయి దానంతట అదే ఆగిపోయింది, అర్ధరాత్రి చేతులు కొంకర్లు పోతుంటే లైను మొత్తం విప్పాల్సి వచ్చింది. నీకు ఆ పరిస్థితి రాకూడదు. పంపును, హీటర్‌ను కింద పెట్టు, కూలెంట్ డబ్బా అన్నిటికంటే ఎత్తులో ఉండాలి. పైపు ఎక్కడ పైకి లేచి కిందికి దిగుతుందో అక్కడ గాలి వదిలే చిన్న నాబ్ పెట్టించు. కూలెంట్ నిదానంగా పోసి, మంట వెలిగించకుండా పంపు ఒక్కటే నడిపి, బుడగలు రావడం పూర్తిగా ఆగేదాకా ఓపిక పట్టు.

కూలెంట్‌లో మన బోరు నీళ్లు మాత్రం కలపొద్దు. ఇంట్లో గీజర్ రాడ్ మీద తెల్లగా గట్టిపడే ఉప్పు చూశావు కదా, హీటర్ సన్నని దారుల్లోనూ అదే పేరుకుంటుంది. డిస్టిల్డ్ వాటర్ సగం, గడ్డకట్టనివ్వని ఆ మందు ఇథిలీన్ గ్లైకాల్ సగం కలిపితే దాదాపు మైనస్ 37 డిగ్రీల వరకు గడ్డకట్టదు. గ్లైకాల్ ఎక్కువైతే ఇంకా మంచిదనుకోకు, నీళ్లు కలపని గ్లైకాల్ మైనస్ 13 దగ్గరే గడ్డకడుతుంది. తియ్యగా ఉండే విషం అది, పిల్లలకు అందనివ్వొద్దు. డబ్బాకు ప్రెషర్ మూత తప్పనిసరి: లేహ్ సుమారు 3,500 మీటర్ల ఎత్తు, అక్కడ మూత లేని గిన్నెలో నీళ్లు 88 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి, మన హీటర్ కూలెంట్‌ను దాదాపు అంత వేడి చేస్తుంది.

పొగ విషయంలో నీతో గట్టిగా చెప్తున్నా అబ్బీ, ఎవరి మాటా వినొద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. పొగ గొట్టం కిటికీలకు, తలుపుకు దూరంగా బస్సు అంచు దాటి బయటికి రావాలి, డీజిల్ ట్యాంకుకు, వైర్లకు తగలకూడదు. మంటకు కావలసిన గాలి కూడా బయటినుంచే తీసుకోవాలి. ఆ విషవాయువును పసిగట్టే అలారం ఒకటి పిల్లల దిండు దగ్గర, ఒకటి నీ దగ్గర పెట్టు. కిటికీ కొంచెం తెరిచి పడుకోండి, మీ ఊపిరి తేమ రేకు మీద నీళ్లై కారకుండానూ ఉంటుంది. ఎత్తులో గాలి పలుచన కాబట్టి డీజిల్ సరిగ్గా కాలక మసి పడుతుంది, అందుకే ఎత్తుకు తగ్గట్టు డీజిల్ తగ్గించుకునే మోడలే తీసుకో, డబ్బు ఎక్కువైనా సరే.

హీటర్ ఆపాలంటే దాని స్విచ్చే నొక్కు, బ్యాటరీ మెయిన్ కట్ చేయకు. మంట ఆరాక కూడా లోపలి వేడి దిగేదాకా పంపు కొన్ని నిమిషాలు తిరగాలి. మన దగ్గర పోయించుకున్న డీజిల్ ఆ చలిలో చిక్కబడి ఫిల్టర్‌లో ఇరుక్కుంటుంది. లద్దాఖ్ కోసం ఇండియన్ ఆయిల్ 2019లో తెచ్చిన చలికాలపు డీజిల్ ఉంది, అక్కడికి చేరాక అడిగి పోయించుకో. బస్సు రూపం మారుస్తున్నావు కాబట్టి ఆర్టీవో ఆఫీసు పని కూడా బయలుదేరే ముందే తేల్చుకో.

ఇప్పటి ఎండలోనే రోజూ గంటసేపు నడిపి, చల్లారనిచ్చి, క్లిప్పులు తడిమి చూడు. నాలుగైదు సార్లు వేడెక్కి చల్లారితేనే లీకులు బయటపడతాయి. ఆదివారం నేనొస్తా. నేను ప్రతి జాయింటూ చూసేదాకా పైపుల మీద ప్లైవుడ్ కొట్టించొద్దు.

మీ మామ