టెక్ సందేహాలు: స్కోరు 82 వచ్చింది, అడ్మిట్ చేయాలా?

ప్రశ్న: మా అమ్మాయికి 15 ఏళ్లు. కొన్నాళ్లుగా దిగులుగా ఉంటోందని క్లినిక్‌కి తీసుకెళ్తే చేతికి ట్యాబ్ ఇచ్చి ప్రశ్నలు నింపమన్నారు. చివర్లో ‘రెసిడెన్షియల్ కేర్ (చేర్చుకుని అక్కడే ఉంచి చేసే వైద్యం) 82%’ అని వచ్చింది. అంటే జబ్బు అంత ముదిరిందా? చేర్పించేయాలా?

జవాబు: ఈ ఉత్తరం నాకు వస్తూనే ఉంటుంది. ఒకరికి 64, ఒకరికి 91. అంకె మారుతుంది, భయం మారదు. తప్పు మీది కాదమ్మా. శాతం గుర్తు పెట్టి, అది దేనిలో శాతమో రాయకుండా స్క్రీన్ తయారుచేసినవాళ్లది.

ఆ 82 జబ్బు తీవ్రత కాదు. మీ అమ్మాయిలాంటి వివరాలున్న పిల్లల్ని గతంలో ఎక్కడికి పంపారో చూసి మెషీన్ లెర్నింగ్ (పాత రికార్డుల నుంచి నేర్చుకునే సాఫ్ట్‌వేర్) వేసిన అంచనా. ఎక్కడికి పంపారన్నది వేరు, ఎక్కడికి పంపాల్సిందన్నది వేరు. పాత రికార్డుల్లో దొరికేది మొదటిదే. ఆ రోజు వార్డులో మంచం ఖాళీగా ఉందా, ఇన్సూరెన్స్ ఒప్పుకుందా, రోజూ తీసుకొచ్చి తీసుకెళ్లే మనిషి ఇంట్లో ఉన్నారా అన్నవన్నీ ఆ నిర్ణయాల్లో కలిసిపోయి ఉంటాయి. మంచాల కొరతను కూడా మెషీన్ వైద్యమనుకునే నేర్చుకుంటుంది. వార్డులో చేరి కోలుకున్న పిల్ల ఇంటి నుంచే వచ్చి వైద్యం చేయించుకుని ఉంటే ఏమయ్యేదో ఏ రికార్డూ చెప్పదు.

ఇది నా అనుమానం మాత్రమే కాదు. అమెరికాలో ఎవరికి అదనపు వైద్య సాయం కావాలో తేల్చే ఒక సాఫ్ట్‌వేర్‌ను పరిశీలించి జియాద్ ఒబర్‌మేయర్ బృందం 2019లో ‘సైన్స్’ పత్రికలో రాసింది. అది అవసరాన్ని ఖర్చుతో కొలిచింది. నల్లజాతి రోగుల మీద అంతకుముందు పెట్టిన ఖర్చే తక్కువ కాబట్టి వాళ్లకు అవసరమూ తక్కువేనని లెక్కకట్టింది. ఆ తేడా సరిచేస్తే సాయానికి ఎంపికయ్యేవారిలో వాళ్ల వాటా 17.7 శాతం నుంచి 46.5కు పెరుగుతుందని తేలింది.

ఇక ఇలాంటి సాఫ్ట్‌వేర్‌లు ‘90 శాతం కచ్చితం’ అనే ప్రకటనలు. లెక్క మీరే వేయండి. వెయ్యిమంది పిల్లల్లో నిజంగా వార్డు అవసరమైనవాళ్లు 20 మంది అనుకుందాం. సాఫ్ట్‌వేర్ అందులో 18 మందిని పట్టుకుంటుంది. మిగిలిన 980 మందిలో పదింట ఒకరిని, అంటే 98 మందిని, పొరపాటున వార్డుకు రాస్తుంది. మొత్తం 116 పేర్లు, అందులో అసలైనవి 18.

కాబట్టి స్కోరు చూడకముందు ఏమనుకున్నారో డాక్టర్నే అడగండి. వారానికి రెండుసార్లు ఓపీకి వస్తే ఎందుకు సరిపోదో కూడా అడగండి. కానీ చచ్చిపోవాలనుందని అమ్మాయి అన్నా, మీకు అలా అనిపించినా, ఏ స్కోరు కోసమూ ఆగొద్దు. ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. తక్కువ స్కోరు వచ్చిందని నిశ్చింతగానూ ఉండొద్దు. 365 అధ్యయనాలను కలిపి చూసిన 2017 నాటి సమీక్షలో, 50 ఏళ్లుగా పరిశోధకులు చూస్తున్న రిస్క్ లక్షణాలు ఆత్మహత్య ఆలోచనల్నీ ప్రయత్నాల్నీ ముందే పట్టడంలో బొమ్మాబొరుసు కన్నా కాస్తే మెరుగని తేలింది.

ప్రశ్న: నేను కౌన్సెలర్ని. పిల్లల్ని చేర్చుకోవాలో వద్దో స్కోరు ఇచ్చే సాఫ్ట్‌వేర్ మాకూ ఉంది. అప్‌డేట్ తర్వాత అవే జవాబులకు వేరే స్కోరు వస్తోంది. నిన్న ‘ఓపీ’ అన్న అబ్బాయికి ఇవాళ ‘అడ్మిషన్’ అంటోంది. పాతది కనిపించడం లేదు.

జవాబు: ఫోన్‌లో కీబోర్డు రంగు మారితే నోటిఫికేషన్ వస్తుంది. ఒక పిల్లవాడు ఏ గదిలో పడుకోవాలో చెప్పే మోడల్ (స్కోరును లెక్కకట్టే భాగం) మారితే రాదు! ప్రతి స్కోరు పక్కన తేదీ, వెర్షన్ నంబర్ ఫైల్లో రాసిపెట్టండి. నంబర్ ఎక్కడా లేకపోతే లేదనే రాయండి.

పనిలో పనిగా ఇంకోటి చూడండి: ఖాళీగా వదిలిన గడిని సాఫ్ట్‌వేర్ ఏమనుకుంటోంది? పిల్లల అవసరాలనూ బలాలనూ అంచనా వేసే క్యాన్స్ (CANS) లాంటి ఫారాల్లో ప్రతి అంశానికీ 0 నుంచి 3 వరకు మార్కు ఉంటుంది. అవసరాల అంశాల్లో 0 అంటే సమస్య ఆనవాళ్లు లేవని. అడగడం కుదరలేదన్నది 0 కాదు. ‘తెలియదు’కు చోటులేని ఫారం నింపించి, దానిమీద మోడల్ కట్టి, అంకెను రెండు దశాంశాల దాకా చూపించేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ప్రశ్న: మా యూనిట్లో నలుగురికీ ఒకే లాగిన్. కేసు నోట్స్‌ను పేరు తీసేసి ఒక ఉచిత చాట్‌బాట్‌లో పేస్ట్ చేసి సారాంశం తీస్తున్నాం. ఆ సారాంశాన్నే ప్లేస్‌మెంట్ సాఫ్ట్‌వేర్‌కు (పిల్లల్ని ఎక్కడ ఉంచి వైద్యం చేయాలో సూచించేదానికి) ఇస్తున్నాం. పర్వాలేదా?

జవాబు: లేదు. ఇవాళే ఆపండి. పై రెండు ఉత్తరాల కన్నా నన్ను ఎక్కువ భయపెట్టింది ఇదే.

పేరు తీసేశామంటున్నారు. 14 ఏళ్లు, ఫలానా స్కూలు, తండ్రి పోలీసు, మార్చిలో చేయి కోసుకుంది... ఆ స్కూల్లో ఎవర్నడిగినా పేరు చెబుతారు.

ఇలాంటి నోట్స్ బయటికి పోతే ఏమవుతుందో చూడండి. ఫిన్లాండ్‌లో ‘వస్తామో’ (Vastaamo) అనే మానసిక వైద్య సంస్థ డేటాబేస్ సరైన పాస్‌వర్డ్ రక్షణ లేకుండా ఇంటర్నెట్‌కు తెరిచి ఉంది. 2020 అక్టోబరులో దాదాపు 33 వేలమంది రికార్డులు దొంగ చేతిలో ఉన్నాయని బయటపడింది. సంస్థ డబ్బివ్వకపోయేసరికి అతను నేరుగా రోగులకే ఈమెయిల్ పెట్టాడు: 200 యూరోల బిట్‌కాయిన్ కట్టు, లేకపోతే నువ్వు చెప్పుకున్నదంతా నెట్‌లో పెడతాను. వాళ్లలో మైనర్లూ ఉన్నారు. సంస్థ దివాలా తీసింది. 2024లో దోషికి ఆరేళ్ల మూడు నెలల శిక్ష పడింది. నెట్‌లోకి వెళ్లిన నోట్స్ మాత్రం తిరిగి రాలేదు.

ఒకే లాగిన్ ఉంటే రేపు మీ దగ్గర ఒక ఫైలు బయటికి పొక్కినా ఎవరు తెరిచారో లాగ్‌లో (సాఫ్ట్‌వేర్ రాసుకునే చిట్టాలో) తేలదు, నలుగురూ అనుమానితులే. నాలుగు లాగిన్లు అడగండి, టూ ఫ్యాక్టర్ (పాస్‌వర్డ్‌తో పాటు రెండో తనిఖీ) పెట్టించండి, చాట్‌బాట్ హిస్టరీ డిలీట్ చేయండి. అంతటితో సరిపోదు: ఇప్పటిదాకా ఏమేం పేస్ట్ చేశారో మీ పైవాళ్లకు రాతపూర్వకంగా చెప్పండి. అదనపు లాగిన్ల లైసెన్సుకు డబ్బుల్లేవని ఐటీ విభాగం అంటే, ఆ మాటే ఈమెయిల్లో పంపమనండి. నా అనుభవంలో ఆ ఈమెయిల్ రాదు, లాగిన్లు వస్తాయి.