మోకాలి నొప్పికి ముందు సీటు ఎత్తు చూడండి

చలికాలమంతా మూలన పెట్టిన సైకిల్‌ని శివరాత్రి తర్వాత బయటికి తీస్తే చైన్ కిర్రుమంటోందని, పది కిలోమీటర్లకే మోకాలి ముందుభాగం లాగేస్తోందని రాశారు. నొప్పి ముందువైపే అంటే చాలాసార్లు సీటు కిందికి ఉండటమే కారణమండీ. గోడ పట్టుకుని సీటు మీద కూర్చోండి. పెడల్‌ని పూర్తిగా కిందికి దించి, దాని మీద మడమ ఆనించండి. కాలు నిటారుగా చాచినట్టు ఉండాలి. వంగి ఉంటే సీటు కొంచెం కొంచెంగా పైకి లేపండి. బరువు గేర్‌లో బలంగా తొక్కడం కూడా మోకాలికి మంచిది కాదు. తేలిక గేర్‌లో కాళ్లు చకచకా తిరగనివ్వండి.

చైన్‌ని పాత గుడ్డతో తుడిచి, ఒక్కో లింకు మీద ఒక్కో చుక్క చైన్ ఆయిల్ వేయండి. పెడల్ వెనక్కి తిప్పుతూ, పైన మిగిలిన ఆయిల్ తుడిచేయండి. లేకపోతే దుమ్మంతా అక్కడే పేరుకుంటుంది. గాలి ఎంత పట్టాలో టైరు పక్కభాగం మీదే రాసి ఉంటుంది.

ఎండ టెన్షన్ అన్నారు కదా, హైదరాబాద్‌లో నార్సింగి నుంచి కొల్లూరు వైపు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ ప్యానెళ్ల కప్పున్న సైకిల్ ట్రాక్ ఉంది. 2023లో మొదలైంది. నానక్‌రామ్‌గూడ వైపుది కూడా కలిపితే మొత్తం 23 కిలోమీటర్లు. ఆరున్నరకల్లా అక్కడుంటే ఫాల్గుణ మాసపు చల్లగాలి మొత్తం మీదే, ఎంత హాయిగా ఉంటుందో! పల్చటి జాకెట్ చాలు, ఎనిమిదయ్యేసరికి తీసేస్తారు.

సీటు సరిచేశాక కూడా నొప్పి తగ్గకపోయినా, వాపు వచ్చినా డాక్టర్‌కి చూపించండి.