హెచ్1బి మీద ఉన్న కతోలికులు అబార్షన్ క్లినిక్ ముందు ప్రార్థనకు వెళ్లవచ్చా?

తపస్సుకాలంలో (ఈస్టరుకు ముందు వచ్చే ఉపవాస దినాలలో) అబార్షన్ క్లినిక్ ముందు జపమాల చెప్పడానికి రావలసిందని మీ విచారణ (పారిష్) గురువులు పిలుపునిచ్చారని, వెళ్లాలని ఉన్నా హెచ్1బి వీసాకు ఏమవుతుందోనన్న భయం, అక్కడికి వచ్చే స్త్రీల మనసు నొప్పిస్తామేమోనన్న సంకోచం మిమ్మల్ని వెనక్కి లాగుతున్నాయని రాశారు. ఇంగ్లండులో ఉన్న మీ అన్నగారి సంగతి కూడా అడిగారు. నేను గుంటూరు మేత్రాసనంలో (బిషప్ గారి పరిధిలో) పుట్టి పెరిగి, పెళ్లయ్యాక ఉత్తర వర్జీనియాకు వచ్చి స్థిరపడ్డాను. హెచ్4 (హెచ్1బి వారి జీవిత భాగస్వామికిచ్చే వీసా) మీద ఉన్న రోజుల నుంచీ ఈ ప్రార్థనలకు వెళుతున్నాను. మీరు నిస్సందేహంగా వెళ్లవచ్చు. అయితే దేనికి వెళుతున్నారో ముందే తేల్చుకోండి. నిరసన అనేది చట్టాలు చేసేవారి ఎదుట తెలపవలసినది. క్లినిక్ వాకిట్లో ఉండవలసింది ప్రార్థన, అడిగినవారికి చేతనైన సహాయం, అంతే. ఈ రెండింటినీ కలగాపులగం చేసినప్పుడే మీరు భయపడుతున్న ఇబ్బందులన్నీ వస్తాయని నా అనుభవం.

ముందు వీసా విషయం చూద్దాం. 2025లో విశ్వవిద్యాలయాల ఆవరణల్లో నిరసన తెలిపిన కొందరు విదేశీ విద్యార్థుల వీసాలు రద్దయిన వార్తలు చదివినవారికి భయం కలగడం సహజమే. అయినా అమెరికా రాజ్యాంగపు మొదటి సవరణ కల్పించే వాక్ స్వాతంత్ర్యమూ మతస్వేచ్ఛా ఇక్కడ నివసించే విదేశీయులకు కూడా వర్తిస్తాయి. నలుగురూ నడిచే కాలిబాట మీద నిలబడి జపమాల చెప్పుకోవడం నేరం కాదు. జాగ్రత్తపడవలసింది అరెస్టు దగ్గర. వీసా కోసం నింపే డీఎస్-160లోనూ, రేపు గ్రీన్‌కార్డుకు పెట్టే దరఖాస్తులోనూ ఎప్పుడైనా అరెస్టయ్యారా అన్న ప్రశ్న ఉంటుంది, కేసు కొట్టివేసినా సరే ఆ సంగతి చెప్పితీరాలి. కనుక క్లినిక్ వారి పార్కింగులో అడుగు పెట్టకండి, ద్వారానికి గానీ కార్లకు గానీ అడ్డం వెళ్లకండి, పోలీసులు పక్కకు జరగమంటే హక్కుల గురించి వాదనకు దిగకుండా జరిగి నిలబడండి.

1994 నాటి ఫేస్ చట్టం ప్రకారం క్లినిక్‌కు వెళ్లేవారిని బలప్రయోగంతోనో బెదిరింపుతోనో దారి మూసో అడ్డుకోవడం ఫెడరల్ నేరం. హింస లేకుండా కేవలం దారికి అడ్డం కూర్చున్నా మొదటిసారికే ఆరు నెలల వరకు జైలు, 10,000 డాలర్ల వరకు జరిమానా పడవచ్చు. 2020 అక్టోబరులో వాషింగ్టన్‌లోని ఒక క్లినిక్‌లోకి చొరబడి గొలుసులతో దారి మూసినవారిలో ఒకరికి ఈ చట్టంతో పాటు మరో అభియోగం కింద నాలుగు సంవత్సరాల తొమ్మిది నెలల శిక్ష పడింది. 2025 జనవరిలో అధ్యక్షుడు ట్రంప్ వారితో సహా 23 మందికి క్షమాభిక్ష పెట్టిన మాట నిజమే గానీ, చట్టం మాత్రం అలాగే ఉంది. క్షమాభిక్ష మీద ఆశ పెట్టుకుని వీసాదారులు చేయగలిగిన పని కాదది. నన్నడిగితే ఎవరూ చేయదగిన పని కూడా కాదు.

ఇక మీ రెండవ సంకోచం నాకు మొదటిదాని కంటే ముఖ్యమైనదిగా తోస్తోంది. మసాచుసెట్స్ రాష్ట్రం క్లినిక్‌ల ద్వారాల చుట్టూ 35 అడుగుల మేర ఎవరూ నిలబడరాదని చట్టం చేసినప్పుడు, ఎలియనోర్ మెకల్లెన్ అనే పెద్దావిడ, మరికొందరు కలిసి కోర్టుకు వెళ్లారు. 2014లో అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తులందరూ ఏకగ్రీవంగా ఆ చట్టాన్ని కొట్టివేస్తూ, వీరు నిరసనకారులు కారని, వచ్చే స్త్రీలతో ఆప్యాయంగా, వారి ఇష్టంతోనే మాట్లాడాలని కోరుకుంటున్నవారని ప్రత్యేకంగా గుర్తించారు. మా బృందంలో కొత్తగా చేరేవారికి నేను ఈ తీర్పు గురించి తప్పకుండా చెబుతాను. అరిచేవాడి మాట ఎవరూ వినరని కోర్టుకు కూడా అర్థమైంది! అయితే ఎంత దూరంలో నిలబడాలన్న నియమం అన్నిచోట్లా ఒకేలా ఉండదు. ఉదాహరణకు కొలరాడోలో క్లినిక్ ద్వారానికి వంద అడుగుల లోపల ఉన్నప్పుడు, ఎదుటివారి అనుమతి లేకుండా మాట్లాడటానికో కరపత్రం ఇవ్వడానికో ఎనిమిది అడుగుల కంటే దగ్గరకు వెళ్లరాదన్న చట్టాన్ని ఇదే కోర్టు 2000లో సమర్థించింది. మీ ఊరి నియమమేమిటో విచారణలో ఈ పని చూసేవారిని ముందే అడిగి తెలుసుకోండి.

మీ గురువులు చెప్పింది బహుశా 'ఫార్టీ డేస్ ఫర్ లైఫ్' కార్యక్రమం అయివుంటుంది. 2004లో టెక్సస్‌లోని బ్రయన్, కాలేజ్ స్టేషన్ జంట పట్టణాలలో మొదలైన ఈ నలభై రోజుల ప్రార్థనా ఉపవాసాలు ఇప్పుడు తపస్సుకాలంలో ఒకసారి, శరదృతువులో మరొకసారి అనేక దేశాలలో జరుగుతున్నాయి. పాల్గొనేవారు శాంతియుతంగా ప్రవర్తిస్తామని రాతపూర్వకంగా హామీ ఇస్తారు. అక్కడ జరిగేది చాలా సాదాసీదాగా ఉంటుంది: గంటకు ఇద్దరో ముగ్గురో చొప్పున వచ్చి, కాలిబాట అంచున నిలబడి దుఃఖ దేవరహస్యాలు (జపమాలలో క్రీస్తు శ్రమలను తలచుకునే భాగం) ధ్యానించి, తరువాత వచ్చినవారికి స్థలం ఇచ్చి వెళ్లిపోతారు. ఆంగ్లంలో ఇబ్బందిగా ఉంటే 'దేవ వరప్రసాదము చేత నిండిన మరియమ్మా, వందనము' అని మీరు తెలుగులోనే మెల్లగా చెప్పుకోండి, ఎవరూ ఏమీ అనుకోరు. ఫిబ్రవరి చలిలో చేతి తొడుగులుంటే పూసలు వేళ్లకు తగలవు, కాబట్టి పెద్ద పూసలున్న జపమాల తీసుకువెళ్లడం మేలు. రంగు జాకెట్లు వేసుకుని, వచ్చేవారిని లోపలికి తీసుకువెళ్లే స్వచ్ఛంద సేవకులు అక్కడ ఉంటారు; వారికి నమస్కారం చెప్పండి, వాదన పెట్టుకోకండి. ఎవరి ఫోటోలూ, కారు నంబర్లూ తీయకండి. ఛిద్రమైన పిండాల బొమ్మలు పట్టుకునే బృందాలు కూడా కొన్ని ఉన్నాయి; నేను వారి పక్కన నిలబడను. గర్భం పోయిన దుఃఖంలో అదే భవనానికి వైద్యం కోసం వచ్చే తల్లి కూడా ఆ బొమ్మను చూడవలసి వస్తుందన్న ఆలోచన వారికి ఎందుకు రాదో నాకు అంతుపట్టదు.

ఒకసారి ఒక యువతి లోపలికి వెళ్లకుండా కాలిబాట దగ్గరే ఆగి, కోపంగానే, "మీరు ప్రార్థన చేస్తే నా ఇంటి అద్దె ఎవరు కడతారు?" అని మమ్మల్ని అడిగింది. మా బృందంలో ఉన్న విశ్రాంత నర్సు ఆమెకు పాపం గురించి గానీ చట్టం గురించి గానీ ఒక్క ముక్క కూడా చెప్పలేదు. అద్దె ఎంత, ఎప్పటిలోగా కట్టాలి అని అడిగి, తన కారు బానెట్ మీద కాగితం పెట్టి ఆ వివరాలు రాసుకుని, అక్కడి నుంచే విచారణలో పేదలకు సహాయం చేసే సెయింట్ విన్సెంట్ డి పాల్ సంఘానికి ఫోన్ చేసింది. ఆ యువతి నంబరు రాసుకుని వెళ్లింది. ఆ ప్రశ్నకు సమాధానం దగ్గర లేనివారు కాలిబాట మీదికి రావడానికి ముందు దాన్ని సంపాదించుకోవాలని నేను గట్టిగా నమ్ముతాను. అమెరికా పీఠాధిపతులు (బిషప్పులు) 2020లో, కష్టాల్లో ఉన్న తల్లులకు తోడుగా నిలిచే 'వాకింగ్ విత్ మామ్స్ ఇన్ నీడ్' అనే కార్యక్రమాన్ని ప్రారంభించింది ఇందుకే. మీ విచారణలో అది నడుస్తోందో లేదో కనుక్కోండి. వర్జీనియాలోనైతే ఇమ్మిగ్రేషన్ హోదాతో నిమిత్తం లేకుండా, ఆదాయ పరిమితిని బట్టి గర్భిణులకు ఆరోగ్య బీమా ఇచ్చే 'ఫామిస్ ప్రీనేటల్' అనే ప్రభుత్వ పథకం ఉంది. మన తెలుగువారిలోనే చాలామందికి దాని పేరు తెలియదు.

మనవారి మాట వచ్చింది కనుక ఇంకొకటి చెప్పాలి. ఆడపిల్ల అని తెలిసి అత్తింటివారి ఒత్తిడితో అబార్షన్ చేయించుకున్న స్త్రీలు మన ఊళ్లలోనూ, మన గుడుల్లోని బెంచీల మీదా ఉన్నారు. పిండ లింగ నిర్ధారణను నిషేధిస్తూ భారతదేశం 1994లో చట్టం చేయవలసి వచ్చిందంటే ఊరికే కాదు. కనుక మనం ఆ కాలిబాట మీద పవిత్రులమన్నట్టు నిలబడటానికి వీలులేదు. రెండవ జాన్ పాల్ పోపు గారు 1995లో వెలువరించిన 'ఎవాంజేలియుమ్ వీతే' అనే విశ్వలేఖ 99వ పేరాలో, అబార్షన్ చేయించుకున్న స్త్రీలను ఉద్దేశించి నిరాశపడవద్దని, నిరీక్షణ కోల్పోవద్దని ఎంతో మృదువుగా రాశారు. వెళ్లేముందు ఆ ఒక్క పేరా అయినా చదవండి. ఈ పాపాన్ని క్షమించే అధికారాన్ని 2016 నవంబరులో ఫ్రాన్సిస్ పోపు గారు గురువులందరికీ శాశ్వతంగా ఇచ్చారు. మా బృందంలో అందరికంటే నిశ్శబ్దంగా ప్రార్థించేది ఒకప్పుడు ఆ ద్వారం గుండా లోపలికి వెళ్లినావిడే.

ఇక నిరసన. దానికి తగిన వేదిక జనవరిలో వాషింగ్టన్‌లో జరిగే 'మార్చ్ ఫర్ లైఫ్'. అబార్షన్‌ను రాజ్యాంగ హక్కుగా గుర్తిస్తూ 1973 జనవరి 22న అమెరికా సుప్రీంకోర్టు వెలువరించిన రో వర్సెస్ వేడ్ తీర్పుకు ఏడాది నిండిన సందర్భంగా నెల్లీ గ్రే అనే న్యాయవాది 1974లో దీన్ని ప్రారంభించారు. 2022 జూన్ 24న అదే కోర్టు ఇచ్చిన డాబ్స్ తీర్పుతో రో రద్దయి, చట్టం చేసే బాధ్యత రాష్ట్రాలకు దక్కింది కనుక రాష్ట్ర రాజధానులలోనూ ప్రదర్శనలు జరుగుతున్నాయి. మా వారు వర్జీనియా రాజధాని రిచ్‌మండ్ కూడా వెళుతుంటారు. మీకు ఓటు లేకపోయినా నడవవచ్చు, ప్లకార్డు పట్టుకోవచ్చు, శాసనసభ్యులకు ఉత్తరం రాయవచ్చు. గ్రీన్‌కార్డు లేని విదేశీయులు ఎన్నికల అభ్యర్థులకు విరాళం ఇవ్వడం మాత్రం నేరం, ఐదు డాలర్లయినా సరే. వాషింగ్టన్ వస్తే ముందురోజు రాత్రి అమలోద్భవి మాత జాతీయ పుణ్యక్షేత్రంలో జరిగే దివ్యబలిపూజకు రండి. ఆ బసిలికాలో 1997లో ప్రతిష్ఠించిన వేళాంగణి మాత చిన్న ప్రార్థనాలయం ఉంది, చీరకట్టుకున్న మాత ముందు మోకరించిన మన ఆంధ్ర, తమిళ కుటుంబాలు అక్కడ తప్పక కనిపిస్తాయి.

మీ అన్నగారికి మాత్రం ఈ సలహాలు వర్తించవు. ఇంగ్లండు, వేల్స్‌లలో 2024 అక్టోబరు 31 నుంచి క్లినిక్ చుట్టూ 150 మీటర్ల లోపల లోనికి వెళ్లేవారి నిర్ణయాన్ని ప్రభావితం చేసే పని ఏది చేసినా నేరమే. అంతకుముందే బోర్న్‌మత్‌లో స్థానిక ఉత్తర్వు కింద, మౌనంగా ప్రార్థించిన ఒక వ్యక్తిని కోర్టు దోషిగా తేల్చింది. ఆ చట్టం అన్యాయమని నా అభిప్రాయం. అయినా వీసా మీద ఉన్నంతకాలం ఆయన ఆ 150 మీటర్లకు అవతలే ఉండి, తన విచారణ గుడిలో దివ్యసత్ప్రసాద ఆరాధనలో ఆ ప్రార్థన చేసుకోవడం, దాన్ని మార్చమని తన ఎంపీకి ఉత్తరం రాయడం మంచిది.